చెల్లెలు పెద్దదైపోయిన కథ

నేనింతవరకు ఏదీ రాసిందాన్ని కాదు. మా సిన్నత్త పారమ్మ పదిమందిలో కూకుని సెప్పిన కథ, ఆవిడ సెప్పినట్టే రాస్తన్నాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

దాలమ్మని ఒకతుండేదంట. పలాస కాడ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పుకి పొట్టు తీసే పని. మొగుడు లేడు, ఆ కూలే ఆధారం. కళ్లు మూసుకుని తీసినా పప్పు విరగదంట, అలాటి సెయ్యి. ఆవిడకో అప్ప, అంటే అక్క, నీలమ్మ, నాలుగేళ్లు పెద్దది. ఇద్దరిదీ ఒకే బల్ల. ఏమైందంటే, కొత్త మేనేజరొచ్చాడు. ఒచ్చీరాగానే అరవై దాటినోళ్లు పన్లోకి రావద్దు, ఆధార్ కార్డులు తెమ్మన్నాడంట. అక్కడే వొచ్చింది తిరకాసు. ఆ కార్డులు తీయించుకున్న రోజున వయసెంతంటే అప్పాసెల్లెళ్లిద్దరికీ తెలీదు. రాసేవోడు నెత్తికేసి సూసి రాసీసినాడు. నీలమ్మ ముందురోజే జుత్తుకి రంగేసుకుంది. దాలమ్మ ఏసుకోలేదు. ఇప్పుడు కార్డుల్లో సెల్లికి అరవైరెండు, అప్పకి నలభైతొమ్మిది! నవ్వకండర్రా, ఇనండి. "బావూ, నేను పుట్టినప్పుడు నన్ను సంకనేసుకు తిప్పింది ఇదే" అంటాది దాలమ్మ. "కార్డులో ఏటుంటే అదే, ఇంటికెళ్లు" అంటాడు మేనేజరు. ఆవిడతో పాటు ఇంకో ఆరుగురిని పంపీసినాడు. సాయంత్రం నీలమ్మ ఆళ్లింటికొచ్చి, ఏడవాల్నో నవ్వాల్నో తెలీక "ఏటప్పా, కూరేటొండినావు?" అందంట సెల్లెల్ని. దాలమ్మ గరిట ఇసిరీసింది.

మర్నాడిద్దరూ లేబర్ ఆఫీసుకి ఎల్లినారు. నీలమ్మ గుమ్మం కాడే ఆగిపోయింది. ఆఫీసరమ్మ అంతా ఇని, "మీ అక్కని తీసుకురా, తనే పెద్దదని చెప్తే సరి" అందంట. అప్ప ఆ మాట సెప్పిందనుకో, సెల్లికి పనుంటాది, అప్పకి పోతాది. అయినా నీలమ్మ అడుగేసీసింది. దాలమ్మ సెయ్యడ్డమెట్టి, నువ్వు రాకే అని, ఇటు తిరిగి "అమ్మా, నాకు అరవైరెండే అనుకోండి. అయితే మాత్రం? ఒళ్లొంచి పని సేసేదాన్ని పొమ్మంటాడా?" అనడిగింది. ఆఫీసరమ్మ కళ్లజోడు తీసి సూసిందంట. "అదీ అడగాల్సిన మాట. ఇన్నేళ్లు చేసినవాళ్లని నోటిమాటతో తీసేయకూడదు. నెల ముందు కాగితం ఇవ్వాలి, కారణం రాయాలి. అరవై అనే రూలు మీ ఫ్యాక్టరీలో ఎక్కడుందో చూపించాలి. అర్జీ పెట్టు" అంది.

మేనేజరుని పిలిపించారు. కాగితం ఇచ్చావా అంటే లేదు. రూలేదంటే అదీ లేదు. ఆఖరికి దాలమ్మకేసి తిరిగి, సర్లే, రేపట్నుంచి నువ్వొక్కదానివీ రా అన్నాడంట.

మర్నాడు పొద్దున్న దాలమ్మ ఏం సేసిందనుకున్నారు? పన్లోకెళ్లలేదు! మిగతా ఆరుగురినీ ఇళ్ల కాడ లేపి, ఒకే ఆటోలో కుక్కి, లేబర్ ఆఫీసు తలుపు తీయకముందే మెట్ల మీద కూకోబెట్టిందంట. అక్కడ ఫ్యాక్టరీ కూతేసీసింది, ఈవిడ కదల్లేదు. పిలిసిన రోజే నాగా ఎట్టిందని మేనేజరు అరిసే ఉంటాడు. అరవనీ. ఆ అరుపేదో కాయితం మీద రాసిమ్మంటాది.