అంగుళం గుర్తు

పైపుల కొట్టులో మామయ్య కంప్యూటరు మీద విరుచుకుపడుతుంటే, మేనకోడలు స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

“రేపు మా అన్నదమ్ముల వాటాలు తేలాలి. సరుకు పట్టీలో పైపుల మలుపుల్లో వేసే ఎల్బోలన్నీ మాయం! నేనే దాచేశానంటాడు మీ పెద్దమామయ్య.”

“ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకి చెప్పావా?”

“చెప్పకేం! ‘మీది పనికిమాలిన సరుకు, వెంటనే బాగుచెయ్యండి’ అని రాశాను.”

“ఊరికే ఇచ్చినవాళ్లకి ఎంత మర్యాద! ‘కుళాయి పాడైంది’ అంటూ ఉత్తచేతులతో వచ్చినవాణ్ణి నువ్వేమంటావు?”

“ఏ కుళాయి, ఎక్కడ కారుతోంది, విప్పి పట్టుకురా అంటాను.”

“మరి నువ్వేం పట్టుకెళ్లావు, కోపం తప్ప? ఏం కొట్టావో నా ముందు కొట్టు.”

“ఇదిగో. ఎల్బో, అర, పక్కన అంగుళం గుర్తుగా రెండు చిన్న గీతలు. సేవ్ నొక్కా. చూశావా, పోయింది!”

“గీతలు తీసేసి కొట్టు.”

“...ఉందే!”

“ఇదే రాద్దాం. ఏం కొట్టావు, ఏం రావాలి, ఏం వచ్చింది. తిట్లు లేకుండా.”

“అంగుళం గుర్తు తెలియనివాళ్లు కూడా ప్రోగ్రాములు రాసేవాళ్లే!”

“అదీ రాయనా?”

“వద్దులే. కింద ‘దయచేసి’ అని పెట్టు. కానీ వారం ఆగి పంపు.”

“ఎందుకు?”

“రేపు వాటాలు తేలాక మీ పెద్దమామయ్య పెట్టే కొట్లోనూ ఈ సాఫ్ట్‌వేరే. ఆయన్నీ కాస్త ఎల్బోలు వెతుక్కోనీ.”