గుండీలమ్మ ఒట్టు వెయ్యలేదు

ఏమ్మా, ఉద్యోగంలో చేరి నెలైనా కాలేదు, అప్పుడే ముఖం అలా పీక్కుపోయిందేంటి? పిల్లల్ని కాపాడే పనంటే ఊరికే ఉందా మరి! ఇలా కూర్చో. మా ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ గురించి చెప్పానా నీకు? పోయి చాలా ఏళ్ళయిందిలే. ఎప్పుడు చూసినా వరండాలో కూర్చుని పిల్లల గౌన్లకి గుండీలు కుడుతూ ఉండేది, అందుకే గుండీలమ్మ అనేవాళ్ళం. నేనక్కడ వంటమనిషిని, నేను వంటగదిలో, ఆవిడ ఎదురుగా. నోట్లో నాలుక లేని మనిషి అనుకునేదాన్ని. ఏం చెబుతున్నానూ... ఆ, బాబాయ్! కారేసుకుని ఒకడు వచ్చేవాడు. పొట్టిజడ అని ఒక పిల్ల వాణ్ణి 'బాబాయ్' అంది. అంతే, గేటు కాసే తాత 'ఓహో, బాబాయే కదా' అని తలుపు బార్లా తీశాడు. మనకదో జబ్బు కదూ, వరస కలిపి పిలిస్తే చాలు, వాడెవడని ఇక అడగం. కొత్త బూట్లు, ఫోను, షికార్లు, దాని స్నేహితురాళ్ళకి కూడా. 'అదృష్టమంటే నీదే పిల్లా' అని తాత మురిసిపోవడం. ఆ పిల్లేమో రానురాను అన్నం కెలికి వదిలేసేది, పిలిస్తే ఉలిక్కిపడేది. టీచర్లేమో 'పొగరెక్కింది' అన్నారు.

ఒక మధ్యాహ్నం గుండీలమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ, పొట్టిజడని 'మీ బాబాయ్ ఎలాంటివాడే?' అంది మామూలుగా. 'బాబాయ్ చాలా మంచోడండీ, మమ్మల్ని బాగా చూసుకుంటాడండీ.' కుళాయి దగ్గర ఇంకో పిల్లని అడిగితే అదే మాట. మెట్ల మీద మరో పిల్ల, అదే మాట, అదే రాగం, అదే చోట ఊపిరి తీసుకోవడం. ఒకే గొంతు నోటినుంచి నోటికి తిరుగుతున్నట్టు! పట్టపగలమ్మా, పొయ్యి ముందు నుంచున్న నాకు చలేసింది.

గుండీలమ్మ అప్పటికప్పుడు పిల్లల్ని కాపాడే సర్కారు ఆఫీసుకి ఫోన్ చేసింది. 'నేను చెప్పేదాకా ఏ వరసా గేటు దాటకూడదు' అని తాతకి కట్టడి చేసింది. పొట్టిజడని మాత్రం పిలిచి నిలదియ్యలేదు. పక్కన చాప వేసి, తనపాటికి తను కుట్టుకుంటూ కూర్చుంది. చివరికి ఆ పిల్లే వచ్చి కూర్చుని, 'ఒకటి చెప్తా, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి' అంది. ఒట్టు వెయ్యలేదమ్మా ఆవిడ! 'నిన్ను కాపాడగలిగేవాళ్ళకి చెప్పక తప్పదు తల్లీ. ఎవరికి చెప్పినా ముందు నీకు చెప్పే చెప్తాను' అంది. పిల్ల విసురుగా లేచి వెళ్ళిపోయింది. 'ఒట్టేస్తే నీ సొమ్మేం పోయింది? నోటిదాకా వచ్చిన మాట పోగొట్టావు' అని తాత ఒకటే సణుగుడు. 'వాడు దానిచేత వేయించింది కూడా ఒట్టేనయ్యా' అందావిడ, తలెత్తకుండా.

మర్నాడంతా ఆ చాప ఖాళీ. నాకు కూర అడుగంటిందని కూడా తెలియలేదు. ఆ పైరోజు పిల్ల వచ్చింది. 'ఎవరికి చెప్తావు?' అని అడిగి, అన్నీ విని, మొదలుపెట్టింది. ముందు ఆ పాఠమే, 'బాబాయ్ చాలా మంచోడండీ...' అని. ఆవిడ కాదనలేదు, 'ఊ' అందంతే. సగంలో పిల్ల ఆగిపోయింది. 'కాదు' అంది. బొంగురుగా ఉందమ్మా, చిన్నగా. అన్నాళ్ళూ మా మధ్యే తిరిగిన పిల్ల, దాని సొంత గొంతు నేను వినడం అదే. 'నమ్ముతున్నానమ్మా, నీ తప్పేం లేదు' అంది గుండీలమ్మ. వాణ్ణి పట్టుకున్నారులే, అది వేరే సంగతి. ఆ గొంతు మాత్రం...

భోంచేశావా నువ్వు?