గాజుల సినిమా మీద రామతులసి అభిప్రాయం

విజయవాడ పటమటలో ఒక ఇంటి ముందు గది. 1997 మే నెల, ఆదివారం ఉదయం. రామతులసి, ఆమె భర్త రామకోటేశ్వరరావు.

"మళ్ళీ లెక్కపెట్టు తులసీ."

"రెండుసార్లు పెట్టానండీ. బయటికిచ్చినవి కూడా కలిపితే క్యాసెట్లు అరవై ఒకటి, చీటీలు అరవై. గాజుల సినిమా చీటీ లేదు."

"బీరువా కింద పడిందేమో."

"పడలేదు. ఎవరికైనా క్యాసెట్టు ఇచ్చేటప్పుడు కవర్లో చీటీ తీసి ఈ బిస్కెట్ల డబ్బాలో వేస్తాను. మొన్న పాలు పొంగుతున్నాయన్న కంగారులో తీయకుండా ఇచ్చేశాను."

"ఎవరికిచ్చావ్?"

"మన వెనక వాటాలో అక్తరున్నీసాకి."

"పోతే పోయింది. సినిమా బాగుందో లేదో రాసుకునే కాగితం ముక్క. దానికింత గాభరా దేనికి?"

"సినిమా సంగతి ఒక్కటే రాసుంటే గాభరా ఎందుకు."

"మరింకేం రాశావ్?"

"మీరు పేపరు చదువుకోండి."

"చదవడం అయిపోయింది. ఏం రాశావ్?"

"ఎవరికివ్వచ్చో కూడా రాస్తాను. మా తమ్ముడు ఉయ్యూరులో వీడియో లైబ్రరీ పెట్టినప్పటి అలవాటు. అన్నీ చూడ్డం నా వల్ల కాదక్కా, ఏ సినిమా ఎవరికి నప్పుతుందో నువ్వు చూసి రాసిపెట్టు అనేవాడు. కేబుల్ వచ్చాక వాడు లైబ్రరీ ఎత్తేసి క్యాసెట్లన్నీ ఇక్కడ పడేశాడు. నా అలవాటు మాత్రం పోలేదు."

"అంటే ఈ వీధిలో అందరి మీదా రాశావా?"

"అందరి మీదా ఎందుకు రాస్తాను. వచ్చి అడిగి తీసుకెళ్ళేవాళ్ళ మీదే. మాణిక్యమ్మగారికి ఏడుపు సినిమాలివ్వకూడదు, బీపీ. ఎలిజబెత్ టీచరుగారికి ఫైటింగులుండాలి, పైకి మాత్రం ఒప్పుకోదు."

"నా మీద?"

"పేర్లు పడేసరికి గురకపెట్టే మనిషి మీద ఏం రాస్తానండీ."

"సరే. అక్తరున్నీసా మీద?"

"ఏముంటుంది. ఏదో."

"ఏదో అంటే?"

"'ఏడుపెక్కువ, కథ తక్కువ. బుర్ర పక్కన పెట్టి చూడాలి. అక్తరుకి ఇవ్వచ్చు.'"

"అంతేనా?"

"'ఏదిచ్చినా బాగుందంటుంది. పాపం, దానికేం తెలుసు.'"

"దానికేం తెలుసనా?"

"అలా చూడకండి."

"పోయిన శ్రావణంలో నీకు టైఫాయిడ్ వస్తే పదిహేను రోజులు జావ కాచి తెచ్చింది ఆవిడేగా."

"నాకు గుర్తులేదా? గుర్తుండబట్టే పొద్దుట్నుంచీ ఈ డబ్బా ముందు కూచున్నాను."

"అయినా ఆవిడకి తెలుగు చదవడం రాదన్నావుగా."

"రాదు. మున్సిపాలిటీ నోటీసుల దగ్గర్నుంచి పిల్ల స్కూలు కాగితాల దాకా మూడేళ్ళుగా నేనే చదివిపెడుతున్నాను. వాళ్ళాయన కరిముల్లాకి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టడమే గానీ అక్షరం ముక్క రాదు. నా భయమంతా వాళ్ళమ్మాయి అర్ఫాతోనే. తొమ్మిదో తరగతి. గడగడా చదివేస్తుంది. వాళ్ళమ్మని కూచోబెట్టి మరీ వినిపిస్తుంది."

"అయితే ఆ పిల్ల చేతిలో పడకముందే వెళ్ళి తెచ్చుకో."

"వెళ్ళి ఏమని అడగను? అడిగితే అదేంటో అని చదివించుకోదూ?"

"నువ్వు వెళ్ళక్కర్లేదులే. అదిగో ఆవిడే వస్తోంది. చేతిలో క్యాసెట్టు కూడా ఉంది. సంచీ ఎక్కడ పెట్టావ్? కూరలకెళ్తాను."

"కాసేపుండండి."

"నా వల్ల కాదు. రాసింది నువ్వు, నువ్వే చూసుకో."

గుమ్మంలో అక్తరున్నీసా. రామకోటేశ్వరరావు సంచీతో బయటికి వెళ్ళాడు.

"రా అక్తరూ. ఇలా ఫ్యాను కింద కూర్చో. మజ్జిగ తాగుతావా?"

"వద్దండీ తులసిగారూ. క్యాసెట్టు ఇచ్చిపోదామని. మొదటికి తిప్పే తెచ్చానండీ."

"నువ్వెప్పుడూ తిప్పే తెస్తావులే. మిగతావాళ్ళకే ఆ ధ్యాసుండదు. ఎలా ఉంది సినిమా?"

"బాగుందండీ."

"ఊఁ. కవరు ఇలా ఇవ్వు."

"ఇదిగోండి. ఏం వెతుకుతున్నారు?"

"ఏం లేదు. లోపల దుమ్ముందేమోనని."

"తుడిచే పెట్టానండీ."

"ఇందులో ఇంకేమీ... ఇంతేనా?"

"ఇంకేం ఉండాలండీ?"

"ఏం లేదులే. అర్ఫా ఏది, కనబడటం లేదీమధ్య?"

"సెలవులు కదండీ. చల్లపల్లిలో మా అమ్మ దగ్గరుంది. వెళ్ళి పది రోజులైంది."

"పది రోజులా? అయితే ఈ సినిమా చూడలేదన్నమాట."

"లేదండీ. మేమిద్దరమే చూశాం. ఆయన సగంలోనే పడుకున్నారు."

"పోన్లే, మంచిదే."

"ఏంటండీ మంచిది?"

"అదే, పిల్లలు చూసేది కాదని."

"పిల్లలు చూస్తే ఏమైందండీ? గాజులమ్ముకుని కొడుకుని కలెక్టరుని చేసిన తల్లి కథేగా."

"అవుననుకో."

"తులసిగారూ, ఒక మాట చెప్పనా?"

"చెప్పు, చెప్పు."

"ఆవిడకి గాజులు తొడగడం రాదండీ."

"ఎవరికి?"

"సినిమాలో ఆ తల్లికి. తొడిగినంతసేపూ నోరు మెదపదు. మా అమ్మ చల్లపల్లిలో ముప్పై ఏళ్ళు గాజులమ్మింది. చెయ్యి పట్టుకోవడం ఆలస్యం, మాటల్లో పెట్టేస్తుంది. మీ గేదె ఈనిందా, మీ ఆడపడుచు వచ్చి వెళ్ళిందా అని. ఆ పిల్ల జవాబు చెప్పేలోగా గాజు బొటనవేలు దాటిపోవాలి. మాట్లాడకుండా తొడిగితే చెయ్యి బిగబడుతుందండీ. గాజు పగిలి గీరుకుంటుంది."

"మీ అమ్మ గాజులమ్మేదా? నాకెప్పుడూ చెప్పలేదే."

"ఆ మాటెప్పుడూ రాలేదు కదండీ."

"ఇంకా ఏమనిపించింది?"

"ఇంకేముందండీ. బాగుంది."

"అలా కాదు. చెప్పు."

"కొడుకు కలెక్టరై వచ్చి నడివీధిలో కారు దిగి తల్లి కాళ్ళ మీద పడతాడు చూడండి, అక్కడ నాకు ఏడుపు రాలేదు. తర్వాత ఆవిణ్ణి బంగళాకి తీసుకెళ్ళి సోఫాలో కూచోబెట్టి, గాజుల మలారం తీసి అటక మీద పెట్టిస్తాడు. అన్నేళ్ళు భుజాన మోసింది కదండీ దాన్ని. ఒక్కసారి అటక వంక చూస్తుంది. అప్పుడొచ్చింది. ఏం లాభం, వెంటనే పాట పెట్టేశారు."

"ఆవిడ అటక వంక చూడ్డం నేను గమనించనే లేదు."

"ఒక్క క్షణమేలెండి."

"మరి పోయిన నెల తీసుకెళ్ళావే, కవలపిల్లల సినిమా?"

"బాగుందండీ."

"అక్తరూ."

"ఇద్దరు కొడుకుల్లో ఏడు రీళ్ళ దాకా తల్లికి ఎవరెవరో తెలీదట. పుట్టుమచ్చ చూసి పోల్చుకుంటుందట. పుట్టుమచ్చ దేనికండీ? గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడు చాలదూ?"

"నిజమే. నాకూ తట్టలేదు. మరి ఆ ప్రాణస్నేహితుల సినిమా? అది నీకు నచ్చుతుందని ఏరి మరీ ఇచ్చాను."

"సాయిబు స్నేహితుడు ఉంటాడు, అదేగా? అదీ బాగుందండీ."

"మళ్ళీ అదే మాట."

"ఏం లేదండీ, సినిమాల్లో మా సాయిబు ఎప్పుడూ హీరో కోసం ఇంటర్వెల్లోపే చచ్చిపోతాడు. చచ్చేదాకా వచ్చీరాని తెలుగు మాట్లాడతాడు. అలాంటి తెలుగు మా ఇంట్లో ఎవరైనా మాట్లాడగా విన్నారా మీరు? మా ఆయన తిడితే అచ్చం చల్లపల్లి రైతు తిట్టినట్టే ఉంటుంది."

"నేనేమో మతసామరస్యం చక్కగా చూపించారని రాశాను."

"రాశారా? ఎక్కడండీ?"

"అదే, అనుకున్నాను. అనుకున్నానంటున్నా."

"ఓహో."

"ఇన్ని మనసులో ఉంచుకుని మూడేళ్ళలో ఒక్కసారైనా అనలేదేం? ఏదిచ్చినా బాగుంది, బాగుంది అనేదానివి."

"మీరు ఏరి మరీ ఇస్తారు కదండీ. అడిగి తెచ్చుకున్నదానికి వంక పెట్టడం మా అమ్మకి అస్సలు గిట్టదు. మీరు పులిహోర పంపితే ఉప్పు తగ్గిందని కబురుపెడతానా?"

"ఉప్పు తగ్గిందా?"

"మాటవరసకి అన్నానండీ."

"మరి ఇవాళెందుకన్నావ్?"

"ఊరికేనండీ. అనాలనిపించింది."

"ఊఁ."

"తులసిగారూ, కవర్లో ఇదుందండీ. పోతుందేమోనని కొంగున కట్టుకొచ్చా. మీదేనా?"

"ఏది, ఇలా ఇవ్వు. ఆఁ, నాదే. పాత కాగితం. పారేస్తాన్లే."

"పారెయ్యకండి. ఎంత గుండ్రంగా రాశారో. ఏం రాశారో చదవరా?"

"ఎందుకిప్పుడు? ఏదో పిచ్చి రాత."

"నాచేత ఇన్ని చెప్పించారుగా. మీరేమనుకున్నారో నేనూ విందామని."

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో."

"నెత్తి మీదుందండీ."

"అవును. ఉండు. 'తల్లి పాత్ర బాగుంది. కంటతడి పెట్టిస్తుంది.'"

"ఊఁ."

"'పాటలు ఫరవాలేదు.'"

"నా పేరుందా అందులో?"

"నీ పేరా? నీ పేరెందుకుంటుంది? ఆఁ, ఉంది. ఇక్కడుంది. 'అక్తరుకి ఇవ్వచ్చు.'"

"దాని తర్వాత?"

"'మంచి మనిషి. తప్పకుండా నచ్చుతుంది.' అంతే."

"ఇంకోసారి చదవండి."

"చదివానుగా."

"చివరి ముక్కే. ఒక్కసారి."

"'అక్తరుకి ఇవ్వచ్చు. మంచి మనసున్నది. శ్రద్ధగా చూస్తుంది.'"

"ఇందాక నచ్చుతుంది అన్నారు."

"రెండూ ఒకటేగా."

"అవునండీ. రెండూ ఒకటే."

"మజ్జిగ తెస్తానుండు. ఎండన పడి వచ్చావు."

"వద్దండీ. వెనక వాటాలోంచి రావడానికి ఎండేముంది. కూర్చోండి. మూడు రోజుల్నుంచి చదువుతున్నానండీ దాన్ని. చదివినప్పుడల్లా ఒకేలా వస్తోంది. మీరు చదివితే ఇంకోలా ఉంటుందేమో, నేనే ఏదైనా పొరబడ్డానేమో అనుకుని తెచ్చా."

"చదవడమేంటి? నీకు తెలుగు... నీకు చదవడం..."

"పదో తరగతి దాకా చల్లపల్లిలో తెలుగు మీడియమేనండీ. పద్యాలు అప్పజెప్పినందుకు స్టీలు గిన్నె కూడా ఇచ్చారు."

"మరి ఆ నోటీసులు? అర్ఫా స్కూలు కాగితాలు?"

"మొట్టమొదటిసారి ఆ మున్సిపాలిటీ నోటీసు పట్టుకుని, ఆఫీసుకి ఎటు వెళ్ళాలో అడుగుదామని వచ్చానండీ. నేను నోరు తెరిచేలోగా మీరు కాగితం తీసుకుని, ఇదే కుర్చీలో కూచోబెట్టి, ఒక్కో మాటా విడదీసి అర్థం చెప్పారు. అంత ఓపిగ్గా చెబుతుంటే నాకు చదవడం వచ్చండీ అని మధ్యలో ఎలా అనను? చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నా. ఆ తర్వాత మీరే అడగడం మొదలుపెట్టారు, కాగితాలేమైనా వచ్చాయా అక్తరూ, తీసుకురా అని."

"మూడేళ్ళు."

"చదివిపెట్టడం మీకిష్టమనుకున్నానండీ. నాకూ ఓ పావుగంట ఇక్కడ కూచోవడం బాగుండేది."

"మూడేళ్ళు నేను... అక్తరుగారూ, నాకేం మాట్లాడాలో తెలీడం లేదు."

"కొత్తగా గారెందుకండీ."

"నన్ను నాలుగు మాటలనండి. మీకెలా తోస్తే అలా అనండి."

"ఏమని అంటానండీ. మీ ఇంట్లో మీరు రాసుకుని దాచుకున్న కాగితం. నేనూ మా ఆయనతో మీ గురించి అన్నవి లేవా? మీ పులిహోర సంగతి కూడా అన్నాను."

"పులిహోరా ఇదీ ఒకటి కాదు."

"కాదండీ."

"మరి ఆ చీటీ చూడనట్టే మళ్ళీ కవర్లో పెట్టి ఇచ్చేసి ఉంటే సరిపోయేదిగా. నాకెప్పటికీ తెలిసేది కాదు. ఇవాళ ఇదంతా చెప్పాలని ఎందుకొచ్చారు?"

"చెప్పాలని రాలేదండీ."

"మరి?"

"మీరు ఉన్నదున్నట్టు చదివుంటే, వినేసి, ఇవాళ కూడా చదవడం రానిదానిలాగే ఇంటికి వెళ్ళిపోయేదాన్ని."