ఆస్పత్రి వంటగదిలో టీ

పక్షవాతం నుంచి కోలుకున్న పెద్దావిడని ఇంటికి పంపే ముందు, థెరపీ అమ్మాయి ఆస్పత్రిలోని చిన్న వంటగదికి తీసుకొచ్చింది. ఆ పిల్ల చేతిలో కాగితాలు చూడగానే పెద్దావిడకి అనుమానం పట్టుకుంది.

“ఒక్క టీ పెట్టండమ్మా.”

“తాగాలనుంటే కింద క్యాంటీనుంది కదా.”

“ఇంట్లో మీరొక్కరే ఉండగలరో లేదో చూడాలి.”

“లేకపోతే వృద్ధాశ్రమంలో పడేస్తారు. మా తమ్ముడు చెప్పాడా?”

“ఎవరూ చెప్పలేదమ్మా. ఈ వార్డులో అందరిచేతా పెట్టిస్తాం.”

పెద్దావిడ కుడిచేత్తో స్టవ్ వెలిగించింది. ఎడమచెయ్యి మాత్రం వెనక్కి పెట్టుకుంది.

“గిన్నెలో నీళ్ళు సగమే పోశారేం?”

“తాగేది నువ్వొక్కదానివే. చెరువంతా మరిగించాలా?”

“ఆ ఎడమచెయ్యి కూడా ఓసారి చూపించండి.”

“దానికి పట్టు లేదు. చాలా? రాసుకో. ఇక నా ఇంటికి నేను వెళ్ళినట్టే.”

“రాశాను.”

“ఏం రాశావో చదువు. ఒక్క ముక్క మింగినా నాకు తెలిసిపోతుంది.”

“‘ఎడమచేతికి పట్టు లేదు. గిన్నె బరువు తగ్గించుకుని జాగ్రత్తగా పనిచేసుకుంటున్నారు. రోజూ పొద్దున గంటసేపు సాయానికి మనిషిని పంపాలి. ఇంటికి పంపవచ్చు.’”

పెద్దావిడ ఆ పిల్లకని పోసిన టీ గ్లాసుని తన దగ్గరికే లాక్కుంది.

“ముందు కింద సంతకం పెట్టు తల్లీ.”