బెరడు తియ్యని పుల్ల

కోడలు బట్టలు కుడుతున్న మిషన్ పక్కనే పంజరం. అందులోని ఫించ్ పిట్ట నాలుగు రోజులుగా ఎగరబోయి పక్కకి ఒరిగిపోతోంది. వడ్రంగం మానేసిన మామగారు చేతికర్ర గోడకి ఆనించి, పంజరం ముందు కూర్చున్నారు.

"డాక్టరేమన్నాడమ్మా?"

"రెక్క బాగానే ఉందట మామయ్యా. ఎందుకిలా తూలుతోందో ఆయనకీ అంతుపట్టలేదు."

"మరి అది వాలడానికి నేను కొలిచి బిగించిన పుల్లలు ఇంత కిందికి దించావేం?"

"పైనుంచి పడుతోందని. అడుగున తువ్వాలు కూడా పరిచాను."

"పుల్లలకి ఈ గుడ్డపీలికలు చుట్టావేంటి?"

"మీరు అద్దంలా చిత్రిక పట్టారు కదా. దాని కాళ్లు జారిపోతున్నాయి."

"నలభై ఏళ్ల పనితనం. చివరికి పిట్ట ముందు పరువు పోయింది."

"ఇప్పుడు చూడండి, మెట్లెక్కినట్టు ఒక్కో పుల్లా ఎక్కుతోంది."

ఆయన ముందుకి వంగి చూశారు.

"నిరుడు నాకు కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు స్నానాలగది గోడకి కమ్మీ పెట్టించావు."

"నన్ను ముసలాణ్ణి చేశావని వారం రోజులు మాట్లాడలేదు మీరు."

"రోజూ దాన్ని పట్టుకునే లేస్తున్నానమ్మా. నీకు చెప్పలేదంతే."

మిషన్ ఆగింది.

"ఆ చిన్న రంపం ఇలా అందించు. దీనికి ఇంకో పుల్ల కోస్తాను. ఈసారి బెరడు తియ్యను."