గట్టి ప్రైమర్

దగ్గరికి జరగమ్మా, చెవి ఇటు పెట్టు. అమలాపురంలో ఓ బ్యాంకుకు కాపలా కాసే ముసలి ఏసుపాదం పాత తుపాకీ, ఏటా జరిగే పరీక్షలో మూడుసార్లు పేలలేదు. మేనేజరమ్మ పిలిపించింది. కొలువు పోయేలా ఉన్నా, అతను నిటారుగానే నిలబడ్డాడు.

"తుపాకీకీ మీకూ కలిపి రిటైర్మెంటు ఇచ్చేద్దామా?"

"ఆగండి మేడమ్ గారూ. మూడు కంపెనీల తూటాలు ఐదేసి కాల్చేనండి. పాత రెండు రకాలూ అన్నీ పేలేయి. ఈ కొత్తవాటిలోనే మూడు తుస్సుమన్నాయండి."

"తుపాకీలో సూది అరిగిపోయిందేమో?"

"అరిగితే పాతవీ పేలవు కదండీ. ఇవిగోనండి ఆ తూటాలు, అడుగున సూది తగలగానే మందు అంటించే ప్రైమర్ బిళ్ళ తడిమి చూడండి. పాతదాని గుంట ఎంత లోతో!"

"కొత్తదానికి గీతే పడింది."

"ఆయ్! బిళ్ళ మరీ గట్టిదండి."

"అయితే ఏం మార్చమంటారు?"

"తూటాలు మార్చండి. నేనూ తుపాకీ ఇక్కడే ఉంటామండి."

మేనేజరమ్మ తూటాలే మార్చింది తల్లీ. ఇది మరిచిపోకు. ముసలిదని దేన్నయినా పక్కన పెట్టబోయేవాళ్ళకి చెప్పు.