మాలకొండయ్య గారి దిద్దుబాటు, సంతోషకుమారి గారి పిల్లలు

1974వ సంవత్సరం జూలై నెల పదిహేనవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీ యనమదల మాలకొండయ్య గారు మన కళాశాలలో ఆంగ్లోపన్యాసకులుగా ప్రవేశించారు. చేరిక పత్రం మీద సంతకం చేయవలసిందిగా కోరితే, ముందు ఆ పత్రాన్ని ఆసాంతం చదివి, అందులోని ఇంగ్లీషును మర్యాదస్తుల ఇంగ్లీషుగా మార్చి, అప్పుడుగాని సంతకం చేయలేదని ప్రతీతి. ఆనాటి ప్రిన్సిపాలు గారు కళ్ళజోడు తుడుచుకొని, "ఈయన్ని మనం చేర్చుకున్నామా, మనల్ని ఈయన చేర్చుకున్నారా?" అని గుమాస్తాను అడిగారట. ముప్పై రెండేళ్ళు గడిచి, ఈ జూన్ ముప్పయ్యవ తేదీన వారు పదవీ విరమణ చేస్తున్నారు. ప్రిన్సిపాలు గారి ప్రశ్నకు సమాధానం మాత్రం ఇంతవరకూ తేలలేదు.

అద్దంకికి ఆమడ దూరంలోని మెట్ట పల్లెలో, మిరపా పొగాకూ పండించే కుటుంబంలో వారు జన్మించారు. చదివింది వీధిబడి. ఆ ఊళ్ళో ఇంగ్లీషు అక్షరాలున్న వస్తువు ఎరువుల బస్తా ఒక్కటే గనుక, అదే వారి మొదటి వాచకం. బస్తా మీది రాత పూర్తిగా అర్థమయ్యేదాకా మూతి విప్పనివ్వనని కుర్రవాడు పట్టుబట్టాడనీ, ఆ ఏడు ఆ చేనికి ఎరువే లేకుండా పోయినా, పక్కనే కూర్చొని చదివిన చదువు బలానికి మిరప ఏపుగా కాసిందనీ ఆ ఊరివాళ్ళు నేటికీ చెప్పుకొంటారు. నమ్మనివారు అద్దంకి వెళ్ళి విచారించుకోవచ్చు. అక్కడినుంచి వారు విశాఖపట్నం విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఎం.ఏ. పట్టా పుచ్చుకొన్నారు. అక్కడ ఒకనాడు తరగతిలో లేచి, ఒక పద్యభావాన్ని కల్లంలో ఆరబోసిన మిరపకాయలతో పోల్చి చెప్పబోతే, తరగతి తరగతంతా పకపకా నవ్విందట. ఆ నవ్వు సంగతి వారు ఎవరికీ చెప్పలేదు, కడుపులో పెట్టుకొన్నారు. ఆ తరువాత వారి ఇంగ్లీషులోకి మిరపకాయ మళ్ళీ అడుగు పెట్టలేదు.

వివాహం చీరాలలో నిశ్చయమైంది. కాబోయే మామగారు శుభలేఖ నమూనాను ఒకసారి చూడమని పంపితే, అల్లుడుగారు అలవాటు చొప్పున ఎర్ర సిరాతో నఖశిఖపర్యంతం దిద్ది తిప్పి పంపారు. ఎర్ర గీతలు చూసిన మామగారికి సంబంధం తప్పిపోయిందని గుండె ఆగినంత పనయ్యింది. నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకొని పాసింజరు బండెక్కి గుంటూరు వచ్చి, "మా పిల్లలో ఏం లోపం కనపడింది బాబూ?" అని నిలదీశారు. "లోపం అమ్మాయిలో లేదండీ, నాలుగో పంక్తిలో ఉంది" అన్నారు వరుడు. ఆనాడు తన తండ్రి ఆ మాటకే తిరుగుబండి ఎక్కి ఉంటే తన ప్రాణం హాయిగా ఉండేదని శ్రీమతి రాజ్యం గారు ఇప్పటికీ అంటూ ఉంటారు, ఆయనకు రెండోసారి కాఫీ ఇస్తూనే.

ఎనభైలలోనూ తొంభైలలోనూ మన కళాశాలలో ఇంగ్లీషులో పుట్టిన ప్రతి కాగితమూ వారి చేతిమీదుగానే లోకంలోకి వెళ్ళింది. ఎవరినీ కాదనలేదు, ఎవరిదగ్గరా ప్రతిఫలంగా టీ చుక్క కూడా తాగలేదు. వారి ధర్మమా అని బ్రాడీపేటలో ఎర్ర సిరా అమ్మే కొట్టాయన రెండంతస్తుల మేడ కట్టాడు. ఒక వానాకాలం స్టాఫ్ రూము కప్పు కారి, వారి బల్లమీది కాగితాలు తడిసి, మెట్ల వెంట ఎర్రగా ధార కడితే, మిరపకారం మర ఎవరు పెట్టారోనని మునిసిపాలిటీవారు వచ్చి చూసి పోయారు.

తొంభైల చివరనుంచి కాలం మారింది. అధ్యాపకుడు పాఠం చెబితే చాలదు, తాను పాఠం ఎలా చెబుతున్నాడో వ్యాసం కూడా రాయాలన్నారు. సెమినార్లు, సంచికలు, పరిశీలక బృందాలు మొదలయ్యాయి. అందరూ వ్యాసాలు రాసి మాలకొండయ్య గారి బల్లమీద పెట్టేవారు, వారు దిద్దేవారు, అవి బ్రాడీపేట డీటీపీ సెంటరులో ముస్తాబై వెళ్ళేవి. మన దగ్గర ఒక ఆచారం స్థిరపడింది. మాలకొండయ్య గారు దిద్దిన తరువాత రాసినవారు దాన్ని మళ్ళీ చదవరు. చదివితే వారిని అనుమానించినట్టు అవుతుందని మర్యాద. వారిదీ ఒక పద్ధతి ఉంది. శుద్ధప్రతి కాగానే పాత కాగితాలు చించి పారేసేవారు. రెండూ ఉంటే పొరపాటున మొదటిది బయటికి పోతుందని.

భౌతికశాస్త్రం గౌస్ బాషా గారు, వారికి ప్రాణమిత్రులు, ఒకరోజు సంచిక తిరగేస్తూ అన్నారు: "ఏందయ్యా మాలకొండయ్యా, ఇందులో లెక్కల మాష్టారూ, నేనూ, చరిత్ర మేడమూ అందరం ఒకే గొంతుతో మాట్లాడుతున్నాం! పోయినేడు నా భార్య రాసిన ఉత్తరం కూడా నువ్వే దిద్దావా ఏంది?"

"మంచి ఇంగ్లీషు ఒకటే ఉంటుంది బాషా. చెడ్డదే రకరకాలు."

"అది సరే. మరి నేనేడున్నానయ్యా ఇందులో?"

"పైన పేరుంది గదా, చూసుకో" అన్నారు మాలకొండయ్య గారు. స్టాఫ్ రూమంతా నవ్వింది. వారికీ ఆ జవాబు చాలా నచ్చింది.

ఇక 2001వ సంవత్సరం. వృక్షశాస్త్రం సంతోషకుమారి గారిని ఎరుగని విద్యార్థి మన కళాశాలలో లేడు. పాఠం ముగియడానికి పది నిమిషాల ముందు ఆవిడ సుద్దముక్క కింద పెట్టి, వెనక బెంచీనుంచి మొదలుపెట్టి, "ఇవాళ మీకు ఏం అర్థం కాలేదో తెలుగులో చెప్పండి" అని అడుగుతారు. మర్నాటి పాఠం ఆ అర్థం కానిదగ్గర మొదలవుతుంది. ఇన్నేళ్ళుగా పిల్లలు అడిగినవన్నీ గుర్తు తెచ్చుకొని, ఆవిడ తనకు వచ్చిన ఇంగ్లీషులో ఒక వ్యాసం రాశారు. అది హైదరాబాదులో ముగ్గురు పెద్దల ఎంపిక సంఘం మెచ్చితే అధ్యాపకుల ఫెలోషిప్పు, రెండేళ్ళు జీతంతో సెలవు, విశ్వవిద్యాలయంలో పరిశోధన, ఆపైన డాక్టరేటు. వయోపరిమితి ఆ ఏటితో ముగుస్తుంది. ఆవిడకు అదే మొదటి అవకాశం, అదే చివరిది.

ఆ వ్యాసం నిండా పిల్లలే. వెనక బెంచీ అమ్మాయి ఒకతె అడుగుతుంది: "మేడమ్, కాయలు టిక్కీ బస్తాల్లో తొక్కేముందు మా నాన్న నీళ్ళు చిలకరిస్తాడు. తెల్లారేసరికి కాయ మెత్తబడుద్ది. ఆ నీళ్ళు లోపలికి ఎట్టా పోయినియ్యి? కాయకి తలుపు లేదు గదా!" ఇంకొకడు అడుగుతాడు, పత్తికాయ పగిలేటప్పుడు దానికి నొప్పి పుట్టుద్దా అని. సంతోషకుమారి గారు ఈ మాటలను ఉన్నవి ఉన్నట్టు, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో పెట్టారు.

మాలకొండయ్య గారు ఆ కాగితాల ముందు ఒక ఆదివారమంతా కూర్చొన్నారు. మిరపకాయల దగ్గరకు వచ్చేసరికి వారికి విశాఖపట్నం తరగతి కళ్ళముందు మెదిలింది. ఈ అమ్మాయిని చూసి హైదరాబాదు పెద్దలు నవ్వుతారు. నవ్వనివ్వకూడదు. వారు ఆ పిల్లనూ, వాళ్ళ నాన్ననూ, నీళ్ళనూ తీసివేసి, అభ్యాసకుల పూర్వానుభవం శాస్త్రావగాహనకు దోహదకారి కాగలదన్న అర్థంతో ఒక నిండైన వాక్యాన్ని నిలబెట్టారు. పత్తికాయకూ అదే గతి పట్టింది. చివరకు వ్యాసం పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టినట్టు తయారైంది.

మర్నాడు సంతోషకుమారి గారు ఆచారం తప్పి పేజీలు తిప్పి చూశారు. "సార్, ఆ మిరపకాయల పిల్ల… ఉండనిస్తే బాగుంటదేమోనండి" అన్నారు మెల్లగా.

"అమ్మా, మిరపకాయల సంగతి మిర్చి యార్డులో చెప్పుకొనేది. ఇది విద్వాంసులు చదివేది" అన్నారు వారు, ఎంతో వాత్సల్యంతో.

హైదరాబాదులో ఇంటర్వ్యూ ముగించుకొని తిరిగివచ్చిన రోజున ఆవిడ స్టాఫ్ రూములోకి వచ్చి సంచి బల్లమీద పెట్టారు. మాలకొండయ్య గారు కుర్చీలోనుంచి లేచారు.

"ఏమ్మా, ఎట్టా జరిగింది? భాష గురించి ఏమన్నారు?"

"భాష చాలా గొప్పగా ఉందన్నారండి."

వారు బాషా గారి వంక చూశారు, విన్నావా అన్నట్టు. "మరింకేం!"

"ఆ తర్వాత, పిల్లలేరీ అని అడిగారండి."

"ఏ పిల్లలు?"

"నా పిల్లలే సార్. ఇన్ని పేజీల్లో మీరు పాఠం చెప్పిన పిల్ల ఒక్కతన్నా లేదేమ్మా, ఇది ఏ ఊళ్ళో కూచొనైనా రాయొచ్చు గదా అన్నారు. అప్పుడు నోటితో చెప్పానండి. మిరపకాయల సంగతి చెబితే ముగ్గురూ ముందుకి వంగారు. ఇంకోటి చెప్పమ్మా అన్నారు. పత్తికాయది కూడా చెప్పాను. నవ్వారండి, కానీ బాగా నవ్వారు. అంతా అయినాక, మేము వేసేది కాగితానికి మార్కులమ్మా, నోటికి వేసే వీల్లేదు అన్నారు."

 మాలకొండయ్య గారు మళ్ళీ కుర్చీలో కూర్చొని, "గట్టిగా అనలేకపోయావా అమ్మా, ఉంచమని?" అన్నారు.

"ఒకసారి అన్నానండి." ఆవిడ సంచి సర్దుకొన్నారు. "రెండోసారి ఎట్టా అంటానండీ? మీరు దిద్దింది కాదన్నవాళ్ళు ఇక్కడ ఎవరన్నా ఉన్నారా?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే వారికి కొంత తేలికగా ఉండేది. పాత కాగితాలైనా ఉన్నాయేమోనని ఆ సాయంత్రం ఇంట్లో బీరువాలన్నీ తిరగేశారని రాజ్యం గారు చెప్పారు. ఉండవని వారికీ తెలుసు. చించింది వారి చేతులే. భోజనం ముందు కూర్చొని, "నేను కల్లంలో పుట్టి, ఆ పిల్లని కల్లంలోనించి బయటికి గెంటాను రాజ్యం" అన్నారట.

ఆ తరువాత వారి పద్ధతి మారిపోయింది. ఎవరు వ్యాసం తెచ్చినా బిగ్గరగా చదివి, "ఇక్కడ అసలు మీరు ఏం చెప్పదలిచారు?" అని అడగడం, తెచ్చినవారు తెలుగులో చెబితే "అదే రాయండి" అనడం. కాగితం మీద చుక్క పెట్టరు. "ఆయన ఇదివరకటి మనిషి కాదండీ, మన చేతే రాయిస్తున్నాడు" అని మనవాళ్ళు చాటుగా విసుక్కొన్నారు. ఈ అయిదేళ్ళలో వచ్చిన వ్యాసాలలో తప్పులు పెరిగాయి. లెక్కల మాష్టారు లెక్కల మాష్టారులాగానూ, చరిత్ర మేడమ్ చరిత్ర మేడమ్ లాగానూ మాట్లాడారు. బాషా గారికి మాత్రం తన వ్యాసంలో తాను దొరికారట. చూశాక ముందరిదే నయమనిపించిందట.

మరొకటి కూడా చేశారు. సంతోషకుమారి గారి అనుమతితో గురువారాలు ఆవిడ తరగతిలో వెనక బెంచీలో కూర్చొన్నారు. ఇంగ్లీషు సారు పరీక్ష తప్పి మళ్ళీ మొదటి సంవత్సరంలో చేరారని ఊరంతా పొక్కింది. పిల్లలు అడిగినవి అడిగినట్టు రాసుకొని ఒకనాడు ఆవిడకు అందించారు. ఆవిడ శ్రద్ధగా చదివి, మడిచి, తిరిగి ఇచ్చారు. "బాగున్నాయండి. కానీ ఇవి వీళ్ళ మాటలు. ఆ పిల్లలు వేరే." ఫెలోషిప్పు గడువు దాటిపోయింది. డాక్టరేటు రాలేదు. ఆవిడ ఏ గంటా తప్పకుండా పాఠాలు చెబుతూనే ఉన్నారు. పాఠాల గురించి మాత్రం మళ్ళీ ఒక్క పంక్తి రాయలేదు. మన కళాశాలకు ఇంతకంటె పెద్ద నష్టం జరగలేదు. దాన్ని చేసినవారు, మనలో అందరికంటె మంచి మనసుతో చేశారు. ఈ సంగతి లేకుండా తన గురించి రాయవద్దని, రాస్తే ఆ సంచికను ముట్టుకోనని మాలకొండయ్య గారే స్వయంగా ఆంక్ష పెట్టారు.

పోయిన వారం వీడ్కోలు టీ దగ్గర వారు అందరి ఎదుటా ఆవిణ్ణి మరోసారి అడిగారు. "ఇప్పటికైనా రాయమ్మా."

సంతోషకుమారి గారు టీ కప్పు దించి, "రాస్తానండి. ముందు మీరు రిటైరవ్వండి" అన్నారు.

బాషా గారు పొలమారేటట్టు నవ్వారు. అందరూ నవ్వారు. మాలకొండయ్య గారు మాత్రం కొంచెం ఆలస్యంగా నవ్వి, చేతులెత్తి ఆవిడకు నమస్కరించారు.

ఆవిడ హాస్యానికి అన్నారో, నిజంగానే అన్నారో మనకు తెలియదు. రాసినా, గంటలు ముగిసి ఇంటిపని తీరిన తరువాత, ఎవరి సాయమూ లేకుండా, మాట మాటనూ వెతుక్కొంటూ రాయాలి, ఏళ్ళు పట్టవచ్చు. కనుక శ్రీ మాలకొండయ్య గారు, శ్రీమతి రాజ్యం గారితో కలిసి, చూపు మందగించక, మోకాళ్ళు మొరాయించక, ఆ వ్యాసం పూర్తయ్యేదాకా, పూర్తయినదాన్ని మొదటినుంచి చివరివరకూ చదివి ఒక్క మాటైనా కదల్చకుండా ఆవిడ చేతిలో పెట్టేదాకా, సంపూర్ణ ఆరోగ్యంతో జీవించాలని మన కళాశాల కుటుంబమంతా మనసారా కోరుకొంటున్నది. దానికి నూరేళ్ళు చాలకపోతే, చాలినన్ని.